సగం చెప్పిన వైద్యం

మధ్యాహ్నం గంట కొట్టినా సత్యవేణి బెంచీ మీద నుంచి లేవలేదు. మిగతా ఆడపిల్లలు క్యారేజీలు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ పిల్ల మటుకు మోకాళ్ళు రెండూ దగ్గరికి నొక్కిపట్టి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. బోర్డు తుడుస్తున్న సలోమి టీచరు చేతిలో డస్టరు ఆపి చూసింది. ఆ కూర్చోవడం ఆమెకి కొత్త కాదు. ఆ హైస్కూల్లో చేరినప్పటి నుంచీ స్టాఫ్ రూములో తనూ అలాగే కూర్చుంటోంది.

"ఏం వేణీ, అన్నం తినవా?"

"ఆకలి లేదండి."

సలోమి దగ్గరికి వెళ్ళి బల్ల మీద చెయ్యి ఆనించింది. కిటికీ అవతల మగపిల్లలు గోల చేస్తున్నారు. గొంతు బాగా తగ్గించి, "మంటా?" అని అడిగింది.

పిల్ల తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఆయ్" అంది. "ఒంటికెళ్తే నిప్పెట్టినట్టు ఉంటందండి. అందుకని ఎళ్ళకుండా ఆపుకుంటన్నానండి" అంది.

"నీళ్ళు తాగుతున్నావా?"

"తాగట్లేదండి. బళ్ళోకొచ్చే ముందు తాగొద్దని తమరే చెప్పేరు కదండి."

చెప్పిన మాట నిజమే. ప్రతి ఏడూ బళ్ళు తెరిచినప్పుడు ఆడపిల్లల్ని పక్కకి పిలిచి, పెద్దామెలా ఆ జాగ్రత్త తనే చెబుతుంది. బడి వెనక, గోడవారగా, సర్కారు వాళ్ళు ఆడపిల్లల కోసమని కట్టించిన సిమెంటు మరుగుదొడ్డి ఒకటుంది. దానికి తాళం. తాళంచెవి హెడ్మాస్టరు నారాయణమూర్తి గారి సొరుగులో ఉంటుంది. పంపు బిగించలేదనీ, ఇనస్పెక్షనుకి వచ్చేవాళ్ళు చూడాలంటే శుభ్రంగా ఉండాలనీ ఆయన మొదట్లోనే చెప్పారు. మగపిల్లలకి కాలవగట్టు ఉంది. దగ్గరి ఇళ్ళ ఆడపిల్లలు పరుగున ఇంటికెళ్ళి వస్తారు. సత్యవేణిలా కాలవ దాటి దూరం నుంచి వచ్చేవాళ్ళు సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు. ఆ బడిలో ఆడ టీచరు సలోమి ఒక్కతే. మగ మాస్టర్ల మధ్య ఆ మాట ఎత్తడానికి ఆమెకి ఎప్పుడూ నోరు రాలేదు. పొద్దున అరగ్లాసు కాఫీతో సరిపెట్టుకుని రావడం అలవాటు చేసుకుంది.

"సాయంత్రం మా ఇంటికి రా. ఒకటిస్తాను. తగ్గిపోతుంది" అంది.

ఆ ఒకటి వాక్కాయ రసం. సలోమి అక్క సుగుణ కువైట్‌లో నర్సు. ఈమధ్యే సెలవు మీద వచ్చి, సీసాల్లో ఎర్రటి పళ్ళరసం తెచ్చింది. సీసా మీద ఎర్రగా, గుండ్రంగా చిన్న పళ్ళ బొమ్మ. క్రాన్‌బెర్రీ అంటారని, అక్కడి తెల్ల నర్సులు ఒంటేలు మంట రాకుండా దాన్ని తాగుతారని చెప్పింది. "మన వాక్కాయల్లా ఉన్నాయే!" అని నవ్వింది సలోమి. రోజూ ఇంత తాగి, సుగుణ పోరగా పోరగా మంచినీళ్ళు కూడా తాగేసరికి, ఏళ్ళ తరబడి వచ్చి పోతున్న మంట తగ్గినట్టే అనిపించింది. సీసాలు ఖాళీ అయ్యాక, శ్రావణమాసం కదా, కంచె మీద వాక్కాయలు విరగకాసి ఉంటే కోసుకొచ్చింది. చీరి గింజలు తీసి, రోట్లో నూరి, గుడ్డలో పిండి, పంచదార కలిపి అదే సీసాలో పోసుకుంది. అది ఇదీ ఒకటేనా అని సుగుణని అడగలేదు. అడగడానికి ఆ రోజు సుగుణ ఇంట్లో లేదు. మురమళ్ళలో ఆడపడుచు ఇంటికి వెళ్ళింది.

సాయంత్రం సత్యవేణి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. సలోమి లోపలికి పిలిచి, ముందు పెరట్లోకి పంపింది. తిరిగొచ్చాక గ్లాసుడు రసం ఇచ్చింది. పులుపుకి పిల్ల కళ్ళు మూసుకుని, భుజాలు ముడుచుకుని తాగింది.

"పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. సీసా పట్టుకెళ్ళు. నాకు తగ్గింది దీంతోనే" అంది సలోమి.

పరగడుపున అన్నది ఆమె సొంతంగా కలిపిన మాట. మందంటే పరగడుపునే తాగాలని ఆమెకెందుకో గట్టి నమ్మకం. పిల్ల సీసాని పైటలో దాచుకుని గట్టు వెంట వెళ్ళిపోతుంటే సలోమికి మనసు తేలికపడింది. ఒకరికి సాయం చేశానన్న తృప్తితో ఆ పూట వంట కూడా హుషారుగా చేసింది.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే కాలవగట్టు మీద సింహాద్రి ఎదురయ్యాడు. సత్యవేణి తండ్రి. కొబ్బరి దింపు అతని పని. నడుముకి కత్తి, భుజం మీద చెట్టెక్కే తాడుబంధం. సలోమిని చూడగానే పక్కకి ఒదిగి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"టీచరుగారండీ, తమరిచ్చిన రసం బాగా పనిచేసిందండి. నిన్న మంట కొంచెం నెమ్మదించిందంటండి."

"తాగుతోందా రెండు పూటలా?"

"ఆయ్. వాళ్ళమ్మ దగ్గరుండి తాగిత్తందండి. రాత్రి కొంచెం ఒళ్ళు ఎచ్చబడింది గానండి."

సలోమి ఆగింది. "జ్వరమా?"

"మొన్న వానలో తడిసిందండి. నడుం లాగుతందంటంది. రాజోలు డాక్టరు గారికి చూపిద్దారా అనుకున్నాను గానండి, తమరి మందుండగా మళ్ళీ అదెందుకు అంది మా ఆడది."

జ్వరం, నడుం. ఆ రెండు మాటలూ ఇంతకు ముందెక్కడో జతగా విన్నట్టు సలోమికి లోపల ఒక చిన్న కదలిక. సుగుణ సీసా మూత తిప్పుతూ ఏదో అంది. ఏమంది? గుర్తు తెచ్చుకునేలోపు సింహాద్రి మళ్ళీ అందుకున్నాడు. "తమరంటే మా ఇంట్లో అందరికీ గురండి. తమరేం చెబితే అదేనండి."

"ఈ రెండు రోజులూ చూడండి. తగ్గిపోతుంది" అంది సలోమి. ఆ మాట నోటి నుంచి చాలా సులువుగా వచ్చింది.

సోమవారం రెండో పీరియడు. స్లిప్ టెస్ట్. ప్రశ్నలు చెప్పి సలోమి వరసల మధ్య నడుస్తోంది. సత్యవేణి పెన్ను పట్టుకుంది గాని కాగితం మీద అక్షరం లేదు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. బయట ఉక్కపోతగా ఉంది. ఆ పిల్ల చలితో వణుకుతోంది. సలోమి నుదుటి మీద చెయ్యి వేసి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంది. అంతలోనే పిల్ల ముందుకి వంగి బల్ల మీద భళ్ళున వాంతి చేసుకుంది. ఎర్రగా, చిక్కగా.

"నెత్తురండి!" అని ఒక పిల్ల కేక పెట్టింది. పిల్లలంతా లేచి గోడవైపు జరిగిపోయారు.

నెత్తురు కాదు. వాక్కాయ రసం పుల్లటి వాసన గది నిండా కొట్టింది.

కేకలకి హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. తెల్లటి పంచె కొంచెం పైకెత్తి పట్టుకుని, లోపలికి రాకుండా అక్కడి నుంచే చూశారు. "ఎవరినన్నా తోడిచ్చి ఇంటికి పంపెయ్యండి టీచరుగారూ. పరీక్ష పెట్టుకుని జ్వరంతో రావడం ఎందుకు?" అని వెళ్ళిపోయారు.

సలోమి ఇంటికి పంపలేదు. ప్యూను సైకిలు మీద పిల్లని కూర్చోబెట్టి, ఒక చేత్తో నడుం పట్టుకుని, తన ఇంటికే నడిపించుకుపోయింది. సుగుణ ఆ పొద్దుటి బస్సుకే మురమళ్ళ నుంచి వచ్చి, తల ఆరబెట్టుకుంటోంది. పిల్ల మొహం చూడగానే తువ్వాలు పక్కన పడేసి లేచింది. మంచం మీద బోర్లా పడుకోబెట్టి, వీపున పక్కటెముకల కింద బొటనవేలితో నొక్కింది. సత్యవేణి పెట్టిన కేకకి కొట్టంలో గేదె బెదిరి లేచింది.

"జ్వరం ఎప్పటి నుంచి?"

"శనివారం రాత్రి నుంచట" అంది సలోమి.

"ఏ మందు వాడేరు?"

"వాక్కాయ రసం. నువ్వు చెప్పిందే కదా అక్కా. నేనే ఇచ్చేను."

సుగుణ ఆమె వైపు తిరిగింది. "నేనేం చెప్పేను? నేను తెచ్చిన సీసాలో రసం, అదీ రాకుండా చూసుకోవడానికి మంచిదన్నాను. నీళ్ళు బాగా తాగమన్నాను. జ్వరం వచ్చినా, నడుం పట్టినా ఆ రసం అవతల పెట్టి డాక్టరు దగ్గరికి పొమ్మన్నానా, లేదా?"

కాలవగట్టు మీద గుర్తు రాని మాట ఇప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. సీసా మూత తిప్పుతూ అక్క అన్నది అదే.

"అన్నావు."

"పిల్లకి చెప్పేవా ఆ మాట?"

సలోమి తల అడ్డంగా ఊపింది.

"మూత్రపిండాలకి ఎక్కేసింది. రాజోల్లో కాదు, అమలాపురం పోవాలి. ఇప్పుడే. దీని నాన్నకి కబురంపు."

సింహాద్రి చెట్టు మీద నుంచి దిగినవాడు దిగినట్టే వచ్చాడు. అరికాళ్ళకి పీచు అంటుకునే ఉంది. బస్సులో చివరి సీటు మీద కూతురిని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. సుగుణ తడిగుడ్డతో మొహం తుడుస్తూ, మధ్యమధ్య మణికట్టు పట్టుకుని చూస్తోంది. సలోమి ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. గన్నవరం అక్విడెక్టు ఇరుకు వంతెన మీద ఎదురుగా కొబ్బరి లారీ వచ్చి బస్సు ఆగిపోయింది. ఇటూ అటూ ఎవరూ వెనక్కి జరగరు. కింద వరద గోదావరి ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ పోతోంది. డ్రైవర్లిద్దరూ దిగి మాటా మాటా అనుకుంటున్నారు. సత్యవేణి కళ్ళు తెరిచి, ఎవరో తెలియనట్టు తండ్రిని చూసి, "పరీక్ష రాసేనండి" అంది.

ఆ మాట విని సుగుణ పెదవి కొరుక్కుంది. సలోమి ఒక్క ఉదుటున బస్సు దిగింది. లారీ ముందుకెళ్ళి నిలబడి, "లోపల పిల్ల చచ్చిపోతోందయ్యా! వెనక్కి తియ్యండి!" అని అరిచింది. తరగతి గదిలో కూడా ఎన్నడూ అంత గొంతు ఎత్తి ఎరగదు. లారీవాడు ఆమె మొహం చూసి, ఎక్కి బండి వెనక్కి తీశాడు.

అమలాపురంలో డాక్టరు సూర్యావతి గారి నర్సింగ్ హోము వరండాలో కూడా మంచాలు వేసి ఉన్నాయి. ఆవిడ నడివయసు మనిషి, మాట కరుకు. పిల్లని పరీక్ష చేసి, సెలైను పెట్టించి, ఇంజెక్షను చేసి, బయటికొచ్చి సుగుణతో ఇంగ్లీషులో ఏదో మాట్లాడారు. తర్వాత సలోమి వైపు చూశారు.

"రసం ఇచ్చింది మీరా?"

"నేనేనండి."

"వాక్కాయ విషమేం కాదు. పచ్చడి చేసుకుంటాం, పప్పులో వేసుకుంటాం. మంచిదే. కానీ పట్టిన జబ్బు దాంతో పోదు. పైగా అంత పులుపు ఖాళీ కడుపున తాగించేరు. కడుపు మండిపోయి వాంతులయ్యేయి, ఒంట్లో ఉన్న కాస్త నీరూ పోయింది. ఇంకొక రోజు ఇంట్లో ఉంచితే నా చేతుల్లో ఉండేది కాదు. ఇప్పుడైనా రేపటి దాకా ఏమీ చెప్పలేను."

సింహాద్రి గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"అసలీ వయసు పిల్లకి ఇంత ముదిరిందేమిటి? రోజంతా ఆపుకుంటుందా? బళ్ళో దొడ్డి లేదా?" అని అడిగారు డాక్టరు గారు.

"ఉందండి" అంది సలోమి.

"ఉంటే?"

"తాళం వేసి ఉంటుందండి."

డాక్టరు గారు ఆమెని పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, ఇంకో మంచం వైపు వెళ్ళిపోయారు. ఆ చూపు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

సలోమి వెళ్ళి సింహాద్రి పక్కనే నేల మీద కూర్చుంది. అతను కంగారుగా లేవబోయాడు. "కూర్చోండి" అంది. "సింహాద్రి గారూ, నిన్న మీరు జ్వరం అన్నప్పుడే డాక్టరు దగ్గరికి పొమ్మనాల్సింది. మా అక్క నాకు చెప్పింది. నేనే మీకు చెప్పలేదు. తప్పు నాది."

అతను చెట్లెక్కి కాయలు కాసిన అరచేతిని బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "ఏ గదండీ అది? తాళమేసి ఉంటందన్నారు" అని అడిగాడు.

"బడి వెనకాల, గోడవారన. సిమెంటు గది."

"చిన్న కిటికీ ఉంటందండి పైన? రేకు తలుపు?"

"అవును."

సింహాద్రి మొహం పాలిపోయింది. "అది హెడ్మేస్టారి సామాను గది కదండీ? దాన్నిండా కురిడీకి ఎండబెట్టిన కొబ్బరికాయలున్నాయండి. కింద నుంచి పైదాకా నేనే పేర్చేనండి. చెమ్మ తగలదు, ఎలకలు రావు, కాయ బాగా ఎండి గలగల్లాడద్ది, నువ్వే సర్దు సింహాద్రీ అన్నారండి." టీచరు మొహంలోకి చూశాడు. "ఆడపిల్లల దొడ్డని నాకు తెలవదండి టీచరుగారూ. దేవుడి తోడండి, నాకు తెలవదు."

ఇన్నాళ్ళూ సలోమి ఆ తాళం వెనక ఖాళీ గది ఉందనే అనుకుంది. లోపల ఏముందని ఒక్కసారైనా కిటికీలోంచి తొంగి చూడలేదు.

మర్నాడు కూడా జ్వరం దిగలేదు. ఎక్కడం, దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కడం. సుగుణ మంచం వదల్లేదు. బుధవారం తెల్లవారాక పిల్లకి చెమట పట్టింది. దుప్పటి తడిసిపోయింది. "ఆకలేత్తంది నాన్నా" అంది. సింహాద్రి వరండా చివరికి వెళ్ళి, గోడవైపు తిరిగి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సలోమి ఆ పూటే బస్సెక్కి తిన్నగా బడికి వెళ్ళింది.

నారాయణమూర్తి గారు తన గదిలో హాజరు పట్టీల మీద సంతకాలు పెడుతున్నారు. పక్కన ఇద్దరు మాస్టర్లున్నారు.

"రండి రండి. పిల్లకి ఎలా ఉందండి?"

"గండం గడిచిందండి. మాస్టారూ, వెనక దొడ్డి తాళంచెవి ఇప్పించండి."

పెన్ను ఆగింది. మాస్టర్లిద్దరూ కిటికీలోంచి బయటికి చూడసాగారు.

"పంపు లేదు కదండి, చెప్పేను కదా."

"నీళ్ళు మేం మోసుకుంటాం. ఆడపిల్లలు ఒంటికెళ్ళడానికి చోటు కావాలి. నాక్కూడా కావాలి."

ఆ మాట అలా బయటికి అనేసరికి ఆమె చెవులు వేడెక్కాయి. అయినా చూపు తిప్పుకోలేదు. హెడ్మాస్టరు గారు పెన్నుకి మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు మర్యాదగానే ఉంది.

"చూడండి సలోమి టీచరుగారూ. మీరేదో నాటుమందు పోసి పిల్లని ఆస్పత్రి పాలు చేసేరని ఊరంతా అనుకుంటున్నారు. బడి కమిటీవారు నన్నడిగేరు. తెలిసో తెలియకో చేసేరులే అని నేనే సర్ది చెప్పేను. మీ ఉద్యోగం మీద మాట రాకూడదని. మీరిప్పుడు లేనిపోనివి ఎత్తితే, నేను కూడా ఉన్నది ఉన్నట్టు పైకి రాయాల్సొస్తుంది."

ఉద్యోగం పోతే? ఒక్క క్షణం ఆమె చెయ్యి కుర్చీ వీపుని వెతుక్కుంది.

"రాయండి" అంది. "ఇచ్చింది నేనే. సగం చెప్పి సగం మానేసేను. అదీ రాయండి. ఆపుకోమని పిల్లలకి నేర్పింది కూడా నేనే. తాళం సంగతి కూడా దాని కిందే రాయండి."

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడయింది. తర్వాతి బస్సుకి వచ్చిన సింహాద్రి అక్కడ నిలబడి ఉన్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

"ఇదిగో, వచ్చేడు" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఏం సింహాద్రీ, ఎవరి మందు వల్ల నీ కూతురికి అలా అయ్యిందో నువ్వే చెప్పు."

"టీచరుగారు చెప్పేరండి నాకు" అన్నాడు సింహాద్రి. "ఆరి తప్పు ఆరే నేల మీద కూర్చుని చెప్పేరండి. నేనొచ్చింది దానిక్కాదండి. తమరి కాయలు ఆ గదిలో పేర్చింది నేను. తాళం ఇప్పించండి, నేనే తీసేత్తాను."

"ఇప్పుడా? ఇంకా ఎండలేదు కదయ్యా, రెండు నెలలు..."

అనేశాక ఆయన ఆగారు. కిటికీ దగ్గరున్న ఇద్దరు మాస్టర్లూ ఇటు తిరిగారు. "గదిలో కాయలేమిటండి?" అని ఒకాయన అడిగాడు. నారాయణమూర్తి గారు సొరుగు లాగి, తాళంచెవి బల్ల మీద పెట్టారు. చేతికివ్వలేదు. సలోమి తీసుకుంది.

సింహాద్రి కాయలు గంపల్లోకి ఎత్తుతుంటే ఆడపిల్లలు ముందు దూరం నుంచి చూశారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి వరసగా నిలబడి, కాయా కాయా చేతులు మార్చుకుంటూ అందించారు. "ఎక్కడ పెట్టమంటారండి?" అని సింహాద్రి మర్యాదగానే అడిగాడు. హెడ్మాస్టరు గారు తన గది ముందు వరండా చూపించి లోపలికి వెళ్ళిపోయారు. రోజంతా ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కురిడీకాయల కుప్ప పక్కనుంచి ఒదిగి నడవాల్సొచ్చింది.

సత్యవేణి బడికి వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. చిక్కిపోయింది, జడ సన్నబడింది. మొదటి రోజే, పాఠం మధ్యలో లేచి నిలబడింది.

"టీచరుగారండీ, ఒంటికెళ్ళొత్తానండి."

మగపిల్లల వైపు నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. సలోమి అటు చూడలేదు. "వెళ్ళిరా" అని బోర్డు మీద రాస్తున్న వాక్యం పూర్తి చేసింది. కాసేపటికి పిల్ల తడి కాళ్ళతో వచ్చి తన చోట కూర్చుని, పుస్తకం తీసింది.

సలోమి చేతికంటిన సుద్ద దులుపుకుంది. సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"మీరు తర్వాతి పేరా చదువుకుంటూ ఉండండి" అంది తరగతి మొత్తానికీ వినపడేలా. "నేనూ వెళ్ళొస్తాను."